మంచుసీమలో ముంగిటి ఛార్జరు

గత మాసమున మాకు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రము నుండి ఒక సోదరి జాబు వ్రాసినది. ఆమె అచట నొక వైద్యశాలలో నర్సుగా పనిచేయుచున్నది. వేకువ 5 గంటలకే ఇల్లు విడువవలెను. రానుపోను 50 మైళ్ల దారి. గడచిన వేసవిలో విద్యుచ్ఛక్తితో నడచు కారొకటి కొన్నారు. ఇంటికి గారేజీ లేదు. బండి రాత్రింబవళ్లు ముంగిట ఆరుబయటనే యుండును. ‘బయటి గోడకున్న మామూలు సాకెట్టునకు తగిలించిన చాలును, వేరు ఖర్చెందుకు’ అని భర్తగారనుచున్నారట. ‘పెట్టినచో పెద్ద యంత్రమే పెట్టవలెను, ఇంటి వెనుక మీటరు ప్రక్కనే పెట్టినచో తీగ ఖర్చు కలిసివచ్చును’ అని బావగారనుచున్నారట. ‘నాకు మాత్రము మంచులో, చీకటిలో, తడిచేతులతో కరెంటు యంత్రమును ముట్టుకొనుటయే భయముగా నున్నది. ఇంట మూడేండ్ల పిల్లవాడున్నాడు. ఎవరి మాట వినవలెను?’ అని ఆమె ప్రశ్న.

ఈ పుటలో ఇంతవరకు ఆవకాయ జాడీలు, పసివాండ్ర జలుబులు, వంటింటి పొగ మొదలగు వానిని గూర్చియే ముచ్చటించుకొంటిమి. మంచుదేశపు మోటారుబండి సంగతి మనకెందుకని కొందఱు సోదరీమణులు ముక్కున వ్రేలు వేసికొందురేమో! కాని కూతురో కోడలో అట్టి సీమలో కాపురముండు ఇండ్లు నేడు మన వీధివీధినా కలవు. పైగా ఈ విషయమున మేము కేవలము పుస్తకము చూచి చెప్పుట లేదు. గడచిన శీతకాలమున మా తోడికోడలి పురిటికై అత్తగారికి తోడుగా పోయి, మిన్నియాపొలిస్ నగరపు పొలిమేరలో మూడు మాసములుంటిమి. ఆ యింటి ముంగిట ఇదే తగవు పుట్టుటయు, తీరుటయు కన్నులార చూచితిమి.

మొదటి నాటి సాయంకాలము మా మరది కారును నిలిపి, గోడనున్న లావుపాటి నల్లని తీగను లాగి దాని డొక్కలో గ్రుచ్చుట చూచి మా అత్తగారు, ‘గేదెను గాటికి కట్టినట్టే ఉందిరా!’ అనిరి. ఆ పోలిక మాకు మిక్కిలి నచ్చినది. నిజమునకు ఆ ప్రాంతములలో బండిని రాత్రివేళ కరెంటుకు కట్టివేయుట క్రొత్త యాచారము గాదు. పొరుగు రాష్ట్రమగు నార్త్ డకోటాలో, గ్రాండ్ ఫోర్క్స్ నివాసి యగు ఆండ్రూ ఫ్రీమన్ అను నతడు, పెట్రోలు ఇంజను రాత్రియంతయు బిగుసుకొని పోకుండ వెచ్చగా నుంచు చిన్న హీటరును కల్పించి 1949లో పేటెంటు పొందెను. ఉత్తర మిన్నెసోటాలోను, నార్త్ డకోటాలోను, కెనడా మైదానములలోను నేటికిని పెట్రోలు బండ్ల ముక్కుల నుండి ప్లగ్గు తీగ యొకటి వ్రేలాడుచుండుట కలదు. తరతరములుగా అచటి గృహిణులు మంచులో నిలిచి దానిని సాకెట్టునకు తగిలించుచునే యున్నారు. కనుక మంచులో కరెంటు అనగానే గుండె గుభేలుమనవలసిన పని లేదు. నార్వే దేశమును చూడుడు. అచటి చలి మనకు తెలిసినదే. 2024లో ఆ దేశమున అమ్ముడుపోయిన క్రొత్త కార్లలో నూటికి సుమారు 89 విద్యుత్కార్లే.

ముందుగా భర్తగారి మాటను తూచి చూతము. పొదుపు చేయవలెనను తలంపు మంచిదే. లెక్క సరిపోవునో లేదో అదియే చూడవలెను. అమెరికాలో మామూలు సాకెట్టు 120 వోల్టులది. దాని నుండి కారు తీసికొనునది 12 ఆంపియర్లు. అనగా గంటకు సుమారు 1.4 యూనిట్లు. రాత్రి 12 గంటలు కట్టి యుంచిన 17 యూనిట్లు లోనికి పోవును. మంచి ఎండకాలమున చిన్న కారు ఒక యూనిట్టుకు 3 మైళ్లకు పైగా నడచును గనుక, 50 మైళ్లకు 14 యూనిట్లు చాలును. ఇంతవరకు భర్తగారి లెక్క సరియే.

చలికాలమున ఈ లెక్క తలక్రిందులగును. అమెరికా మోటారు వాహనదారుల సంఘము 2019లో అయిదు విద్యుత్కార్లను పరీక్షించినది. సున్నకు దిగువ 7 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో, లోపల హీటరు వేసికొని నడిపినచో, ఒకసారి నింపిన బ్యాటరీతో పోగల దూరము సగటున నూటికి 41 పాళ్లు తగ్గినదని ఆ సంఘము తెలిపినది. ఆ చొప్పున మన సోదరికి దినమునకు 14 యూనిట్లు పోయి 24 యూనిట్లు కావలసి వచ్చును. వచ్చునది 17, పోవునది 24. అట్టి సంసారము ఎన్నాళ్లు నడచునో మన స్త్రీలకు వేరే చెప్పవలెనా? ఇంకొక చిక్కు గూడ కలదు. లిథియము బ్యాటరీ గడ్డకట్టు చలిలో కరెంటును సరిగా పుచ్చుకొనలేదు. బలవంతముగా పంపినచో లిథియము లోపలి గ్రాఫైటుపై లోహపు పూతగా పేరుకొని బ్యాటరీ చెడును. అందుచే కారు తానే వివేకము గలదై, వచ్చిన కరెంటుతో ముందు బ్యాటరీని వెచ్చజేసికొని, ఆ పిమ్మట నింపుకొనును. మిక్కిలి చలిరాత్రులలో మామూలు సాకెట్టు నుండి వచ్చు సన్నని ధారలో చాల భాగము ఈ వెచ్చజేయుటకే ఖర్చగును. తెల్లవారి చూచినచో బ్యాటరీ అంకె రాత్రి యున్నచోటికి కొంచెము పైన మాత్రమే యుండును.

వీధులలో పెద్ద ఛార్జింగు స్థలములున్నవి గదా యని అనవచ్చును. ఉన్నవి. కాని 2024 జనవరిలో చికాగో నగరమున తీవ్రమగు చలి పడినప్పుడు, అట్టి స్థలములలో కార్లు గంటల కొలది బారులు తీరి నిలిచిపోయినవి. కొన్ని బ్యాటరీ పూర్తిగా తరిగి కదలలేక పోయినవి. ఇంట రాత్రి కట్టివేయ వీలున్న వారికి ఆ అవస్థ తప్పును. వేకువ డ్యూటీకి పోవలసిన స్త్రీ, ముందునాటి రాత్రి పసివానిని ఇంట విడిచి, వీధిలో తన వంతుకై కూర్చుండుట మాకు సమ్మతము గాదు.

కావున 240 వోల్టుల లైను వేయింపవలసినదే. అయితే బావగారు చెప్పినంత పెద్ద యంత్రము కావలెనా? అక్కరలేదు. 240 వోల్టులపై 16 ఆంపియర్లు తీసికొనినను గంటకు 3.8 యూనిట్లు వచ్చును. 12 గంటలలో 46. మన సోదరికి కావలసినది 24. బ్యాటరీని వెచ్చజేయు ఖర్చు పోను ఇంకను మిగులును. దీనికి 20 ఆంపియర్ల బ్రేకరు చాలును. సాధారణముగా అచట వేయించునది 40 ఆంపియర్ల బ్రేకరు, 32 ఆంపియర్ల ఛార్జరు. అది గంటకు 7.7 యూనిట్లిచ్చును. రేపు రెండవ కారు కూడ వచ్చుననుకొన్నచో ఇది మేలు. అంతకంటె పెద్దది కొనుట, ఇద్దరున్న యింట పెండ్లి గుండిగ కొని అన్నము వండుకొనుట వంటిది. పాత యిండ్లలో ప్యానెలు మొత్తమునకే 100 ఆంపియర్లుండును. పొయ్యి, బట్టలారబెట్టు యంత్రము, ఎండకాలపు ఏ.సి., అన్నియు దానిపైనే బ్రతుకవలెను. ఏది యెంత తినుచున్నదో ఎలక్ట్రీషియను చేత కాగితముపై లెక్క వ్రాయించి చూచిన పిదపనే ఛార్జరును కొనవలెను. ముందు కొని పిదప లెక్క చూచుకొను వారే యెక్కువ.

ఇక సోదరి భయమును గూర్చి. గోడకు బిగించు ఆ పెట్టె నిజమునకు బ్యాటరీని నింపు యంత్రము గాదు, కాపలాదారు మాత్రమే. కరెంటును బ్యాటరీకి తగినట్లు మార్చు యంత్రము కారులోనే యున్నది. పెట్టె చేయు పని యేమన, ప్లగ్గు కారులో సరిగా కూర్చున్నదో లేదో సన్నని సంకేతముచే కారును అడిగి, ‘కూర్చున్నది, సిద్ధము’ అని బదులు వచ్చిన పిదపనే తలుపు తెరచినట్లు కరెంటును వదలుట. చేతిలోనున్న ప్లగ్గు ముఖమున శక్తి యుండదు. పిల్లవాడు దానిలో వ్రేలు పెట్టినను, మంచు దూరినను అపాయము లేదు. నడుమ ఎక్కడైన కరెంటు దారి తప్పి నేలకు పోయినచో, ఆంపియరులో ఏబదవ వంతు తేడా వచ్చినంతనే పెట్టె తానే కట్టివేయును. ఈ కాపలా మన యిండ్లలో నీళ్లు కాచుకొను కడ్డీకి లేదు. స్నానపు గదిలో దానిని బకెట్టులో వ్రేలాడదీసి నిర్భయముగా తిరుగు మనము, ఆ పెట్టెను చూచి వెఱచుట వింతయే.

పెట్టె కొనునపుడు రెండు సంగతులు చూడవలెను. ఒకటి, నీటికి ఓర్చునా అనునది. అచటి పెట్టెలపై నెమా 3ఆర్, నెమా 4 అని గుర్తులుండును. మొదటిది వానకును, మంచుకును, పైన ముసురు గడ్డకును ఓర్చును. రెండవది పైపుతో నీరు కొట్టినను లోనికి రానీయదు. ఆరుబయట రెండవదే మేలు. రెండవ సంగతి చలి. కొన్ని పెట్టెలపై సున్నకు దిగువ 30 డిగ్రీల వరకు పనిచేయునని వ్రాసి యుండును. కొన్నిటిపై 40 వరకు. మిన్నియాపొలిస్‌లో 2019 జనవరి 30వ తేదీన సున్నకు దిగువ 33 డిగ్రీలు పడినది. కావున 40 వ్రాసినదానినే కొనవలెను. అది ఫారెన్‌హీటా సెంటిగ్రేడా యని తికమక పడనక్కరలేదు; సున్నకు దిగువ 40 దగ్గర రెండు కొలతలును ఒకటే యగును. బడిపిల్లలకు మా యింటివారు ఏటేట చెప్పు ముచ్చట యిది. మాకు దాని యుపయోగము మంచులో నిలిచిననాడు గాని తెలియలేదు.

ఇట్లు చలికిని తడికిని భయపడవలసిన పని లేదని తేలినది. భయపడవలసినది వేరొకటి కలదు. దానిని గూర్చి ఆ సోదరి అడుగలేదు. మేమును ముందెఱుగము.

మేము వెళ్లిన నాటికి మా మరది యింట ఛార్జరు గోడనున్న నాలుగు కాళ్ల సాకెట్టునకు తగిలించి యుండెను. ముందటి శరదృతువులో పరిచయస్థుడైన ఎలక్ట్రీషియను ఒకడు చవుకగా వచ్చి ఒక్క పూటలో బిగించి పోయెనట. జనవరిలో ఒకనాటి వేకువ, బయట సున్నకు దిగువ 27 డిగ్రీలు. పసిబిడ్డ స్నానమునకు నీళ్లు కాచుటకై లేచిన మా అత్తగారు, ‘ఏదో జుట్టు కాలిన కంపు’ అనుచు ఇల్లంతయు తిరిగిరి. పొయ్యి చూచితిమి, ఏమియు లేదు. పురిటిగది కిటికీ దగ్గర కంపు ఎక్కువగా నుండెను. మా మరది క్రిందికి పరుగెత్తి బ్రేకరును కట్టివేసి, కోటు తొడుగుకొని బయటికి పోయి చూడగా, సాకెట్టు ముఖము నల్లబడి, ఒక మూల ప్లాస్టిక్కు మైనమువలె కరగి జారి యుండెను. ఆ సాకెట్టు సరిగా పురిటిగది కిటికీ క్రిందనే కలదు. పదునెనిమిది దినముల బిడ్డ లోపల నిద్రించుచున్నది. మా తోడికోడలు ఆ దినమంతయు బిడ్డను చేతి నుండి దింపలేదు.

బయట గడ్డకట్టు చలి యుండగా నిప్పెట్లు పుట్టునని మేమును విస్తుపోతిమి. మరునాడు వచ్చిన వేరొక ఎలక్ట్రీషియను సాకెట్టును విప్పి చూపెను. తీగను పట్టుకొను స్క్రూ ఒకటి వదులుగా నున్నది. వదులైన చోట కరెంటు ఇరుకున పడి వేడెక్కును. కరెంటు రెండింతలైనచో వేడి నాలుగింతలగును. వంటపొయ్యి సాకెట్టు ఏనాడో ఒకసారి తగిలించి మరచునట్టిది. పొయ్యి కూడ గంటసేపు వాడి ఆర్పుదుము. కారు అట్లు గాదు. రాత్రికి ఆరేడు గంటలు ఎడతెగక లాగును. రాత్రి కాగుట, పగలు గడ్డకట్టుట, మరల కాగుట, వ్యాకోచము, సంకోచము, స్క్రూ నాడునాటికి వదులగును. అందుచేతనే అచటి జాతీయ విద్యుత్ నియమావళి, కారు ఛార్జరును ఎడతెగని భారముగా నెంచి, బ్రేకరు అంకెలో నూటికి 80 పాళ్లకు మించి లాగరాదని శాసించినది. 40 బ్రేకరుపై 32 ఆంపియర్లనుట అందుచేతనే. మొదటి ఎలక్ట్రీషియను పర్మిటు తీసికొనలేదనియు, ఇన్‌స్పెక్టరు వచ్చి చూడనే లేదనియు అప్పుడు తెలిసినది. ఆ రుసుము కలిసివచ్చునని మా మరది కూడ ఊరకుండెనట.

రెండవ యాతడు సాకెట్టును పూర్తిగా తీసివేసి, తీగలను నేరుగా ఛార్జరు లోపలనే బిగించెను. స్క్రూలను చేతి అంచనాతో గాక, ఎంత బిగువో అంకె చూపు స్క్రూడ్రైవరుతో, పుస్తకములో వ్రాసినంత బిగించెను. ఆరుబయట సాకెట్టు లేకుండుటలో మరియొక మేలు కలదు. సాకెట్టు పెట్టినచో నియమము ప్రకారము ప్యానెలులో కరెంటు కారుటను కనిపెట్టు బ్రేకరు వేయవలెను. ఛార్జరులో ఆ కాపలా ముందే యున్నది. ఇద్దరు కాపలాదారులు ఒకరినొకరు దొంగ యనుకొన్నట్లు, ఈ రెండును ఒక్కొకప్పుడు కారణము లేకయే కట్టివేయును. రాత్రి 2 గంటలకు కట్టుబడిన సంగతి వేకువ 5 గంటలకు గాని తెలియదు. నేరుగా బిగించినచో ఈ తగవు చాలవరకు తప్పును. ఇచట మా నిశ్చితాభిప్రాయ మేమన, యంత్రములో పొదుపు చేయవచ్చును, తీగ పొడవులో చేయవచ్చును. పర్మిటులోను, పనివానిలోను మాత్రము చేయరాదు.

ఇక స్థలము. బావగారు మీటరు ప్రక్కనే యనుట తీగను చూచి చెప్పిన మాట. బండిని కట్టు మనిషిని చూచి చెప్పినది గాదు. మా మరదియు అట్లే ఉత్తరపు గోడను ఎన్నుకొని యుండెను. ఆ కారును నడుపునది మా తోడికోడలు. మా మరది రైలులో పోవును. సాకెట్టు కాలిన పిదప స్థలము కూడ మార్చుదమని తేలగా, ఆమె పురిటి నుండి లేచి తిరుగ మొదలిడిన వెనుక, మేమిద్దరమును ఒక వేకువ బట్టలారవేయు త్రాడును 25 అడుగులు కొలిచి త్రెంచుకొని బయటికి పోతిమి. ఛార్జరు తీగ సాధారణముగా అంతకు మించి యుండదు. దీపము వేయలేదు. చేతులకు లావుపాటి ఉన్ని తొడుగులు. ఒకరము గోడ దగ్గర త్రాడు కొన పట్టుకొని, ఒకరము కారు దగ్గరకు నడచితిమి. పగలు ఇంటిలో కూర్చుండి గీసిన పటములో కనబడనివన్నియు ఆ పది నిమిషములలో కనబడినవి.

ఉత్తరపు గోడ దగ్గర ఎండ యెన్నడును తగులదు గనుక నేల అద్దమువలె గడ్డకట్టి యున్నది. కాలు జారునది అచటనే. పైన చూరు నుండి మంచు కత్తులు మూరెడేసి వ్రేలాడుచున్నవి; ఎండ కాసిన మధ్యాహ్నము అవి ఊడి సరిగా పెట్టెపైననే పడును. దారి మంచును త్రోసి పోయునది కూడ ఆ మూలనే. ఫిబ్రవరి నాటికి అచట నడుము లోతు గుట్ట. గుట్ట క్రింద తీగ చిక్కినచో వసంతము వరకు రాదు. మంచు చిమ్ము యంత్రము నోట పడినచో తీగ తునకలగును. కారు నోరు ఏ ప్రక్క నున్నదో అదియు చూడవలెను. కొన్నిటికి ముందు, కొన్నిటికి వెనుక ఎడమ ప్రక్క. తీగను బండి చుట్టును త్రిప్పి నేలపై ఈడ్చుకొని పోవలసి వచ్చినచో, అది తడిసి, రాత్రి నేలకు అంటుకొని గడ్డకట్టును. చలికి తీగ యెండిన తాటిమట్టవలె బిగియును. మెత్తని రబ్బరు తొడుగు గల తీగ కొంత మేలు.

చివరకు వీధివైపు దక్షిణపు గోడ, మెట్ల దీపము వెలుతురు పడు చోటు కుదిరినది. తీగ 30 అడుగులు అధికమైనది. చూరు నీరు పడని చోటు. నేల నుండి కనీసము 24 అంగుళముల యెత్తున ప్లగ్గు కొక్కెమునకు వ్రేలాడవలెనని నియమము. మంచు గుట్టలు పడు సీమ గనుక, మేము చేయి చాచినపుడు అందు యెత్తున, 4 అడుగుల వద్ద గుర్తు పెట్టితిమి. ప్లగ్గు నోరు క్రిందికి వ్రేలాడునట్లు గూడొకటి, తీగను చుట్టి పెట్టుటకు పెద్ద కొక్కెమొకటి వేయించితిమి. మా మరది ఖర్చు చూచి కొంచెము గొణిగినను, మరునాడు తానే ఆ చీకటిలో ఒకసారి తీగను తగిలించి చూచి మారుమాటాడలేదు.

గోడకు గాక, వాకిట విడిగా స్తంభము పాతి పెట్టుదమనుకొను వారు చలికి ముందే మేల్కొనవలెను. అచట నేల గడ్డకట్టునపుడు ఉబ్బి, పాతినదానిని పైకి నెట్టివేయును. మిన్నెసోటా దక్షిణ భాగమున పునాది 42 అంగుళములును, ఉత్తర భాగమున 60 అంగుళములును లోతుండవలెనని రాష్ట్ర నియమము. తీగ పోవు ప్లాస్టిక్కు పైపు 18 అంగుళముల లోతున నుండవలెను. నేల ఉబ్బినపుడు విరుగకుండ సాగెడి కీలు వేయింపవలెను. త్రవ్వుటకు ముందు 811 అను నంబరునకు ఫోను చేసినచో, లోపలి గ్యాసు పైపులు, తీగలు ఎచటనున్నవో ఉచితముగా గుర్తులు పెట్టి పోవుదురు.

ఒక చిన్న సంగతి, చాలమంది మరతురు. ఇంటిలోని వెచ్చని గాలి తీగ వచ్చు పైపు గుండ బయటి పెట్టెలోనికి పోవును. అన్నపు గిన్నె మూత లోపలివైపు చెమర్చినట్లు, ఆ గాలిలోని తడి చల్లని పెట్టెలో చెమర్చి గడ్డకట్టును. బయటి నుండి చుక్క నీరు రాని పెట్టె లోపలి నుండియే తడియును! గోడలో పైపు దూరు చోట మెత్తని పుట్టీ ముద్దను కూరవలెను. రెండు నిమిషముల పని. ఎలక్ట్రీషియను దానిని పెట్టినాడో లేదో గృహిణి అడిగి చూడవలెను.

వాడుకను గూర్చి రెండు మాటలు. బండిని ఇంటికి రాగానే కట్టవలెను. అప్పుడు బ్యాటరీ నడకచే వెచ్చగా నుండును. నింపుట 5 గంటలకు ముగియునట్లు కారుకు చెప్పి పెట్టవచ్చును. అప్పుడు బయలుదేరు వేళకు బ్యాటరీ గోరువెచ్చగా నుండును. ప్లగ్గు తీయక ముందే లోపలి హీటరు వేసినచో, ఆ వేడికి ఇంటి కరెంటు ఖర్చగును గాని బ్యాటరీ తరుగదు. వేకువ ప్లగ్గు గడ్డకట్టి యూడి రానపుడు లాగి పెనుగులాడరాదు, వేడినీరు పోయనే పోయరాదు. ఆ నీరు మరల గడ్డకట్టి మొదటికంటె గట్టిగా పట్టును. కారు లోపల వెచ్చజేసి కొంతసేపు వేచిన చాలును. వాన, మంచు కలిసి పడు రాత్రి ప్లగ్గుపై చిన్న గుడ్డకప్పు కట్టుట మా తోడికోడలి యుపాయము.

జాబు వ్రాసిన సోదరికి మా మనవి. 240 వోల్టులు వేయింపుడు. 16 ఆంపియర్లదైనను మీకు చాలును. సాకెట్టు వలదు, నేరుగా బిగింపుడు. పర్మిటు లేనిదే పని మొదలిడనీయకుడు. స్థలమును మాత్రము మీరే, వేకువ 5 గంటలకే, త్రాడు పట్టుకొని చూచుకొనవలెను. వీలైనచో భర్తగారిని, బావగారిని గూడ చెరొక కొన పట్టుకొననిండు. నేల గడ్డకట్టక మునుపే యీ పని కావలెను. గోడపని యైనను చలి ముదిరిన పిదప ఎలక్ట్రీషియనులు దొరకుట కష్టము. ప్యానెలులోని పెద్ద బ్రేకరుపై వ్రాసి యున్న అంకెను, కారు నోరు ఏ ప్రక్క నున్నదో ఆ సంగతిని తెలుపుచు మరల జాబు వ్రాసినచో, మా మరది చేత లెక్క చూపించి వచ్చు మాసము పుటలో ప్రకటింతుము.